ఆడనప్పుడు

ముందే చెప్తున్నా, ఆ ఆట క్లైమాక్స్ నాకు నచ్చలేదు.
నలభై గంటలు కొండలెక్కించి, గుర్రాలు మార్పించి
చివర్లో విలన్ చేత ఉపన్యాసం ఇప్పించారు.
మా మెకానిక్స్ సార్ కూడా అంతసేపు మాట్లాడడు,
మాట్లాడినా మధ్యలో అటెండెన్స్ తీసుకుంటాడు.

మస్తాన్ ఒప్పుకోడు.
"కథ కావాలంటే నవల చదువుకో" అంటాడు
లుంగీ ఎగ్గట్టి, మంచం మీద బాసింపట్టు వేసుకుని.
వాడి దృష్టిలో బంతి లేనిది ఆటే కాదు.

పొత్తేరిలో మూడో అంతస్తు గది.
నలుగురం, ఒకటే కంట్రోలర్.
దాని ఎడమ పుల్ల చెడింది,
ముట్టుకోకపోయినా బొమ్మ మెల్లగా ఎడమకి జరుగుతుంది,
గూడూరు ప్యాసింజర్లో నిద్రపోయేవాడు
పక్కవాడి భుజం మీదికి ఒరిగినట్టు.
ఇళంగో దానికి రబ్బరు బ్యాండు చుట్టాడు.
అప్పట్నుంచి కుడికి జరుగుతోంది.

సినిమాల సంగతికొస్తే
ఈ ఊళ్లో నేను అరసెకను ఆలస్యంగా నవ్వుతాను.
తాంబరంలో శుక్రవారం సెకండ్ షో,
హాలంతా ఘొల్లుమన్నాక
ఇళంగో నా చెవిలో ఆ జోకు విప్పుతాడు.
విప్పిన జోకు ఒలిచిన అరటిపండు,
క్షణాల్లో నల్లబడుతుంది.
అయినా నవ్వుతాను, వాడు కష్టపడ్డాడని.
మూడో సెమిస్టర్ నుంచి మాత్రం
ఒక్కోసారి అర్థం కాకముందే నవ్వొచ్చేస్తోంది.
సెలవుల్లో కావలి వెళ్లి తెలుగు సినిమా చూస్తే
అన్నీ వెంటనే అర్థమైపోయి
ఏదో వెలితి.

మెస్సు సాంబారు మీద కూడా నాకు అభిప్రాయం ఉంది.
ఒకే ములక్కాడ ముక్క సోమవారం నుంచి ఈదుతోంది.
అంతకంటే మాట్లాడను.

అసలు చెప్పాలనుకున్నది వేరే.

నవంబర్లో, పరీక్షల ముందు,
ఆటని సగంలో వదిలేశాం.
సేవ్ చేసే చోటు ఇంకా రాలేదు,
కట్టేస్తే మూడు గంటల కష్టం గంగపాలు.
అందుకని టీవీ మీద తువ్వాలు కప్పాం.
పుల్లని అగ్గిపుల్లతో బిగించాడు ఇళంగో,
లేకపోతే హీరో జరిగి జరిగి మేడ మీంచి పడేవాడు.

రాత్రి రెండింటికి నీళ్లకి లేచి తువ్వాలు ఎత్తాను.
మేడ అంచున వానలో నిలబడి ఉన్నాడు.
ఏమీ చెయ్యట్లేదు.
ఊపిరి తీస్తున్నాడు.
భుజాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి.
కాసేపటికి బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మార్చాడు.
మెడ వెనక గోక్కున్నాడు.

ఎవరో కూర్చుని గీశారు ఆ గోక్కోడం,
బహుశా వారం రోజులు,
టీ చల్లారిపోతుంటే,
మనం ఆడని సమయం కోసం.
మా కిటికీ అవతల కూడా వానే.
మోటార్ గది రేకు మీద పడుతోంది.
లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని
చాలాసేపు వాణ్నే చూశాను.

ఈ సీను సినిమాలో ఎవడూ తియ్యడు.
అక్కడ హీరో నిలబడితే చాలు, గాలి వీస్తుంది, డప్పులు మోగుతాయి.
"ఊరికే నిలబడ్డానికి టికెట్ ఎవడు కొంటాడ్రా?"
మస్తాన్ ప్రశ్న.
నేను కొంటాను. బాల్కనీ.

లెక్కలు పోయాయని ఫలితాలకి ముందే తెలుసు.
వచ్చిన రోజు ఎవరికీ చెప్పకుండా సినిమాకి బయల్దేరాను.
పొత్తేరి స్టేషన్, రాత్రి తొమ్మిదిన్నర, లోకల్ లేదు.
ఫోన్లో చార్జింగ్ లేదు.
చదవడానికి స్టేషన్ బోర్డు ఒక్కటే,
దాన్ని అరవంలో కూడబలుక్కుని రెండుసార్లు చదివాను.
బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మార్చుకున్నాను.
చెయ్యి మెడ వెనక్కి వెళ్తూ
సగంలో ఆగిపోయింది.

ఒక్కణ్నే నవ్వుతుంటే
జామకాయల ఆవిడ గంప జరిపి బెంచీ మీద చోటిచ్చింది.
ఉప్పూకారం అద్దిన ముక్కలు చేతిలో పెట్టింది.
ఊరికే ఇచ్చిందనుకున్నా.
పది రూపాయలంది.

అది మాత్రం వెంటనే అర్థమైంది.